లెక్క మన చేతిరాతలో ఉండాలి

(ఆదివాసీ దినోత్సవం సందర్భంగా కృష్ణదేవిపేటలో యువతతో మాట్లాడిన ప్రసంగ పాఠం)



మేము ముగ్గురం. మూడు వేరువేరు గూడేల నుంచి వచ్చినవాళ్ళం. ఆశ్రమ పాఠశాలల్లో తెలుగు మీడియంలో చదివి, నర్సీపట్నంలో డిగ్రీ చేసి, విశాఖలో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ పూర్తి చేశాం. మైకు ముందు ఒకరమే నిలబడ్డా ఈ మాటలు ముగ్గురం కూర్చుని రాసుకున్నవి. మీరేం చదివారో, అది మనవాళ్ళకి ఎందుకు పనికొస్తుందో పిల్లలకు చెప్పండి అని సంఘం పెద్దలు అడిగారు. ఉద్యోగాల సంగతి చివర్లో చెబుతాం. ముందు ఆ చదువు సంగతి చెప్పనివ్వండి.

మనం కూర్చున్న ఊరితోనే మొదలుపెడదాం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న ఈ కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లు. ఇది మీరంతా పుట్టినప్పటి నుంచీ వింటున్న కథే. అందులో ఒక చిన్న సంగతి మమ్మల్ని ఎప్పుడూ ఆపేస్తుంది. రామరాజు ఆయుధాలు పట్టుకుని ఊరికే వెళ్ళిపోలేదు. ఏమేం తీసుకున్నారో స్టేషను పుస్తకంలో లెక్క రాయించి, సంతకం పెట్టి మరీ వెళ్ళాడు. దొంగతనం చేశారని రేపు తెల్లదొర తనకు తోచిన లెక్క రాసుకోవడానికి వీల్లేకుండా, మన లెక్క మన వైపు నుంచే రాశారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మా మాటంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు మా చదువు. దాని పేరు మల్టీవేరియేట్ స్టాటిస్టిక్స్. తెలుగులో బహుచర గణాంక పద్ధతులు అంటారు. పేరు చూసి బెదరకండి. మేమూ మొదట బెదిరాం. మొదటి వారం బోర్డు మీద మాత్రికలు, ఐగెన్ విలువలు, గ్రీకు అక్షరాలు చూసి, తప్పు గదిలో కూర్చున్నామేమో అనుకున్నాం. ఇంగ్లీషులో అడగడానికి నోరు రాక మూడు నెలలు ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. రాత్రి హాస్టల్లో ముగ్గురం కూర్చుని, పాఠాన్ని మన మాటల్లోకి తెచ్చుకుని ఒకరికొకరం చెప్పుకున్నాక గాని దారి దొరకలేదు. అప్పుడు చెప్పుకున్న మాటల్లోనే మీకూ చెబుతాం.

ఒక అంగన్‌వాడీ కేంద్రం అనుకోండి. రెండేళ్ళ నుంచి ఐదేళ్ళ దాకా పిల్లలున్నారు. ఒక బాబు బరువు 12 కిలోలు. ఆ గదిలో 12 కిలోలంటే వింత కాదు, రెండేళ్ళ బిడ్డ బరువు సుమారుగా అంతే. అదే బాబు ఎత్తు 100 సెంటీమీటర్లు. అదీ వింత కాదు, నాలుగేళ్ళకు దగ్గరపడుతున్న బిడ్డ ఎత్తు సుమారుగా అంతే. బరువుల రిజిస్టరు చూసినవాళ్ళకు బాబు మామూలుగా ఉన్నాడు. ఎత్తుల రిజిస్టరు చూసినవాళ్ళకూ మామూలుగానే ఉన్నాడు. కానీ 100 సెంటీమీటర్ల ఎత్తూ 12 కిలోల బరువూ ఒకే బిడ్డలో ఉంటే? ఆ బిడ్డ బాగా చిక్కిపోయి ఉన్నాడని అర్థం. ఒక్కో కొలతనూ విడిగా చూస్తే ఆ బిడ్డ ఎవరికీ కనపడడు. రెండూ కలిపి చూస్తేనే కనపడతాడు. మల్టీవేరియేట్ అంటే మొదటి పాఠం ఇదే. కొలతలు ఒకదానితో ఒకటి కలిసి నడుస్తాయి. ఆ నడకను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

రెండో పాఠం దూరం. మన దగ్గర రెండు గూడేలు అనుకోండి. మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిస్తే మూడు కిలోమీటర్లు. మధ్యలో గెడ్డ ఉంది, కొండ ఉంది. గట్టు వెంబడే నడిస్తే మూడు కిలోమీటర్లు ఒక లెక్క. గెడ్డ దాటి, కొండ ఎక్కి దిగితే అదే మూడు కిలోమీటర్లు ఇంకో లెక్క. ఏ దిక్కున ఎంత సులువో తెలియకుండా దూరం చెప్పడం కుదరదు. ఇదే సంగతిని అంకెల్లో చెప్పినవాడు ప్రశాంత చంద్ర మహలనోబిస్. కలకత్తాలో 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను పెట్టింది ఆయనే. ఆయన పుట్టినరోజు జూన్ 29ని దేశం గణాంక దినోత్సవంగా చేసుకుంటుంది. రెండు గుంపుల మధ్య ఎంత ఎడం ఉందో చెప్పాలంటే సగటుల మధ్య తేడా ఒక్కటీ చాలదన్నాడాయన. గుంపు లోపల మనుషులు ఒకరికొకరు ఎంత తేడాగా ఉన్నారో, కొలతలు ఒకదానితో ఒకటి ఎంత ముడిపడి ఉన్నాయో కూడా చూసి ఆ తేడాను సరిదిద్దాలన్నాడు. 1936లో అచ్చయిన ఆ కొలతను ప్రపంచమంతా ఇవాళ మహలనోబిస్ దూరం అంటుంది. బ్యాంకులో దొంగ లావాదేవీ పట్టుకోవాలన్నా, ఫ్యాక్టరీలో పాడైన యంత్రాన్ని పసిగట్టాలన్నా ఈ లెక్క వాడుతున్నారు.

అయితే ఆ లెక్క పుట్టింది దేనికోసమో తెలుసా? మనుషుల్ని కొలవడం కోసం. ఆ సంగతి మాకు క్లాసులో ఒక్క వాక్యంలో దాటిపోయింది. మేం మాత్రం దాటలేకపోయాం.

తెల్లదొరల కాలంలో మన శరీరాలను కొలవడం ఒక ఉద్యోగం. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా పనిచేసిన ఎడ్గర్ థర్‌స్టన్ మనుషుల తలలు, ముక్కులు కొలిచేవాడు. 1909లో దక్షిణ భారత కులాలు, తెగల గురించి ఏడు సంపుటాలు వేశాడు. అందులో గదబలున్నారు, పోరజలున్నారు, కొండదొరలున్నారు, బగతలున్నారు. ఉత్తరాదిన రిస్లే అనే అధికారి ముక్కు వెడల్పును పొడవుతో భాగించి, ఆ ఒక్క అంకెతో జనాన్ని వరసలో నిలబెట్టాడు. కొలిచేవాడు దొర, కొలతకు నిలబడేవాడు మన తాత. ఏం కొలవాలో తాతను ఎవరూ అడగలేదు. ఆ అంకెలు ఎక్కడికి పోయాయో తాతకు ఎవరూ చెప్పలేదు.

మహలనోబిస్ ఆ పాత అంకెలనే తీసుకుని తప్పులు వెతికాడు, ఒక్క ముక్కు కొలత చాలదని అన్ని కొలతలనూ కలిపి చూసే పద్ధతి తెచ్చాడు. శాస్త్రం ముందుకు నడిచింది. కానీ ప్రశ్న మాత్రం పాతదే. ఈ మనుషులు ఆ మనుషులకు ఎంత దూరం అన్నదే ప్రశ్న. మన గూడేనికి ఆసుపత్రి ఎంత దూరం అని ఆ రోజుల్లో ఎవరూ కొలవలేదు.

ఈ కథలో మన విశాఖ కుర్రాడు ఒకాయన ఉన్నాడు. పేరు కల్యంపూడి రాధాకృష్ణారావు, సి.ఆర్.రావు అంటారు. 1920లో హడగలిలో పుట్టాడు. తల్లిదండ్రులకు ఎనిమిదో సంతానం. గూడూరు, నూజివీడు, నందిగామ ఊళ్ళు తిరిగి చదివి విశాఖ చేరాడు. ఏవీఎన్ కాలేజీలో ఇంటర్, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల ఎంఏ. వాళ్ళమ్మ లక్ష్మీకాంతమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేపి, నూనె దీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేదని తర్వాత తన పుస్తకంలో రాసుకున్నాడు. చదువయ్యాక ఉద్యోగం లేదు. సైన్యంలో సర్వే ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకి కలకత్తా వెళ్ళాడు. ఆ ఉద్యోగం రాలేదు. అక్కడ బసలో కలిసిన ఒక మనిషి ద్వారా మహలనోబిస్ సంస్థ గురించి తెలిసి, 1941 జనవరిలో శిక్షణకు చేరాడు. 1945లో, ఇరవై ఐదేళ్ళైనా నిండకముందు, రాసిన ఒక్క వ్యాసానికి 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చింది. అప్పటికి ఆయనకు 102 ఏళ్ళు. అదే ఏడాది ఆగస్టు 22న కన్నుమూశాడు.

మా పాఠ్యపుస్తకంలో సగం పేజీల్లో ఈయన పేరుంది. 1941లో సంయుక్త రాష్ట్రాల్లో, అంటే ఇప్పటి ఉత్తరప్రదేశ్ వైపు, కులాలనూ ఆదివాసీ సముదాయాలనూ కొలిచిన సర్వే ఒకటి జరిగింది. ఆ కొలతల లెక్క తేల్చిన ముగ్గురిలో ఈయన ఒకడు. 1946లో కేంబ్రిడ్జి వెళ్ళాడు. సూడాన్‌లోని జెబెల్ మోయా అనే చోట తవ్వి తీసిన పాతకాలపు ఎముకల కొలతలను తేల్చడం అక్కడ ఆయన పని. గుంపులు రెండే కాక ఎన్ని ఉన్నా, కొత్తగా వచ్చిన మనిషి ఏ గుంపుకు చెందుతాడో తేల్చే పద్ధతిని ఆ పనిలోనే పెంచాడు. మన పక్క ఊళ్ళో దీపం కింద చదివినవాడు ప్రపంచానికి పాఠం రాశాడు. దానికి మేము గర్వపడతాం. ఆ పాఠం నిలబడింది మనలాంటివాళ్ళ తలల కొలతల మీద. అదీ మరిచిపోం. రెండూ నిజమే. రెండింటినీ కలిపి పట్టుకోవడమే మా చదువు మాకు నేర్పింది.

తమ్ముడూ, అదంతా పాత కథ కదా అనుకోకు. ఇవాళ్టి సంగతికి వద్దాం.

గుంపులను విడదీసే పద్ధతిని డిస్క్రిమినెంట్ అనాలిసిస్ అంటారు. కొలతలు చూసి మధ్యలో ఒక గీత గీస్తారు. ఇటు పడ్డవాళ్ళు ఒక గుంపు, అటు పడ్డవాళ్ళు ఇంకో గుంపు. గీత ఎంత తెలివిగా గీసినా కొందరు తప్పు వైపు పడతారు. గణితం ఆ సంగతి దాచదు. ఎందరు తప్పుగా పడ్డారో లెక్క చెప్పు అని అడుగుతుంది. ఇప్పుడు మన ఊరు చూడండి. ఇక్కడి నుంచి కొయ్యూరు, చింతపల్లి వైపు కదిలితే షెడ్యూల్డు ప్రాంతం. మన గొలుగొండ మండలం గీతకు ఇవతల. గీత ఇవతల ఉన్న గూడేల్లో కూడా మనవాళ్ళే ఉన్నారు, అదే గెడ్డ నీళ్ళు తాగుతున్నారు, అదే కొండ మీద పోడు చేస్తున్నారు. 1950 ఉత్తర్వులో గీసిన గీత అది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు అల్లూరి పేరుతో ఒక జిల్లా వచ్చింది. అల్లూరి సమాధి, గాం గంటందొర సమాధి ఉన్న కృష్ణదేవిపేట మాత్రం అనకాపల్లి జిల్లాలోకి పోయింది. నాన్‌షెడ్యూల్డు గిరిజన గ్రామాలను షెడ్యూల్డులో కలపాలని మన పెద్దలు ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నారు. గీత ఏ కొలతల మీద గీశారు, ఎన్ని గూడేలు తప్పు వైపు పడ్డాయి అని పట్టిక వేసి చూపిస్తే ఆ మాట బలం వేరుగా ఉంటుంది. ఆ పట్టిక వేసే చేతులు మనవి కావాలి.

ఇంకొకటి. తెగలను గుర్తించడానికి 1965లో లోకూర్ కమిటీ ఐదు లక్షణాలు చెప్పింది. ఆదిమ లక్షణాలు, విలక్షణ సంస్కృతి, భౌగోళికంగా విడిగా ఉండడం, బయటివాళ్ళతో కలవడానికి బెరుకు, వెనుకబాటుతనం. ఐదు చరరాశులన్నమాట. బెరుకును ఏ టేపుతో కొలుస్తారు? ఇవాళ ఈ సభలో మైకు పట్టుకున్నాం కాబట్టి మేం ఆదివాసీలం కాకుండా పోతామా? నవ్వుకోవద్దు. ఏది కొలవాలో నిర్ణయించినవాడే సగం జవాబు రాసేస్తాడు.

మూడో పాఠం ప్రిన్సిపల్ కాంపొనెంట్స్. దీన్ని కొడవలితో చెప్పుకున్నాం. కొడవలిని ఎండలో అంచు మీద నిలబెట్టి పట్టుకుంటే నేల మీద నీడ కర్రలా పడుతుంది. పరిచి పట్టుకుంటే వంపు కనపడుతుంది. వస్తువు అదే, తిప్పిన దిక్కును బట్టి నీడ మారింది. ఇరవై ముప్పై కొలతలున్న డేటాను ఏ దిక్కుకు తిప్పితే దాని ఆకారం ఎక్కువగా కనపడుతుందో వెతికే లెక్క ఇది. 1901లో కార్ల్ పియర్సన్ మొదలుపెట్టాడు, 1933లో హోటెలింగ్ నిలబెట్టాడు. మన దేశంలో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఇళ్ళను పేద, మధ్య, ధనిక అని ఐదు మెట్లుగా విడదీసేది ఈ లెక్కతోనే. ఇంట్లో మంచం ఉందా, కుర్చీ ఉందా, కుక్కర్ ఉందా, ఫ్యాన్ ఉందా, టీవీ ఉందా, వంట దేని మీద అని అడుగుతారు. ఆ జవాబులన్నీ ఒక్క అంకెగా మారతాయి. పనికొచ్చే లెక్కే. దాన్ని తిట్టడం మా ఉద్దేశం కాదు. కానీ ఎంత మంచి నీడైనా నీడే, అందులో పడనివి ఉంటాయి. మన ఇంటి చింతచెట్టు, పనసచెట్టు, కొండ మీద పసుపు మడి, 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పట్టా, రావలసి ఉండి రాని పట్టా, ఇవి ఆ జాబితాలో లేవు.

మేమూ అదే తప్పు చేశాం. ఆ సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం నిజాయితీగా ఉండదు. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు మన గూడేల్లో ఇల్లిల్లూ తిరిగి ఒక ఫారం నింపాం. పిల్లలు బడి ఎందుకు మానేస్తున్నారన్నది మా ప్రశ్న. ఫారంలో ఒక గడి 'బడికి దూరం, కిలోమీటర్లలో'. ఒక ఇంటి దగ్గర ముసలమ్మ, మా సొంత మామ్మ వరసే, అరుగు మీద కూర్చుని అంతా వింటోంది. చివరికి అంది: "కిలోమీటర్లు అడుగుతావేంటి బాబూ. గెడ్డ ఎన్ని నెల్లు పొంగుతాదో అడగవేం? ఆ నెల్లే గదా పిల్లలు ఇంటికాడుండిపోయేది."

మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ గెడ్డ దాటి బడికి పోయినవాళ్ళమే మేం. అయినా ఫారం రాసేటప్పుడు పుస్తకంలో ఉన్న గడే రాశాం. చదువు మా చేత మన ఊరిని మరిపించింది. ఆ రాత్రి ఫారం మార్చాం, అప్పటిదాకా తిరిగిన ఇళ్ళకు మళ్ళీ వెళ్ళాం. మహలనోబిస్ దూరం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం గాని, అది మాకు నిజంగా అర్థమైంది మామ్మ అరుగు మీదే. బడికి కిలోమీటర్లు, గెడ్డ పొంగే నెలలు విడివిడి సంగతులు కావు. రెండూ కలిస్తేనే ఆ బిడ్డ నడిచే దూరం.

అందుకే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మేం చెప్పదలచుకున్నది ఇదీ. లెక్కలో వేసినవాటి మధ్య సంబంధం ఎంతో గణితం చెబుతుంది. లెక్కలో ఏం వేయాలో అది చెప్పదు. అది మామ్మకు తెలుసు. మామ్మ మాటను మాత్రికలోకి ఎక్కించగలిగినవాళ్ళు మన ఇళ్ళ నుంచి రావాలి. బయటివాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. వాళ్ళు గెడ్డ దాటలేదు, అంతే.

ఇలా ఆలోచిస్తున్నది మనమొక్కరమే కాదు. ఇవాళ ప్రపంచంలో స్టాటిస్టిక్స్ చదివే చాలామంది పిల్లలు వాడే సాఫ్ట్‌వేర్ పేరు 'ఆర్'. పైసా కట్టనక్కరలేదు. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో 1990ల మొదట్లో దాన్ని తయారుచేసింది ఇద్దరు. ఒకరు రాబర్ట్ జెంటిల్‌మన్, రెండోవారు రాస్ ఇహాకా. ఈ ఇహాకా మావోరీ మూలాలున్నవాడు, అంటే ఆ దేశపు ఆదివాసీ సంతతి. ఆ సంగతి తెలిసిన రోజు హాస్టల్లో ముగ్గురం పండగ చేసుకున్నాం. అదే మావోరీలు ఇవాళ మా జనం గురించిన డేటా మీద మాకు హక్కుండాలి అని ఉద్యమం నడుపుతున్నారు. ఆదివాసీల డేటా ఎలా వాడాలో 2019లో ఒక అంతర్జాతీయ వేదిక నాలుగు సూత్రాలు పెట్టింది. అది ఆ సముదాయానికి మేలు చేయాలి, దాని మీద అధికారం వాళ్ళకుండాలి, వాడేవాళ్ళు బాధ్యత వహించాలి, నీతి తప్పకూడదు. ఎవరైనా మీ గూడేనికి ఫారం పట్టుకొస్తే ఈ నాలుగూ అడగండి. మర్యాదగా కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి మరీ అడగండి.

ఇక దారి. ఇంటర్లో ఎంపీసీ తీసుకోండి. డిగ్రీలో గణితంతోపాటు స్టాటిస్టిక్స్ ఉండేలా చూసుకోండి. మాత్రికలు, సంభావ్యత గట్టిగా పట్టండి. ఆ రెండూ వస్తే మల్టీవేరియేట్ వచ్చినట్టే. కంప్యూటర్ ముట్టుకోకముందు రెండు కొలతలు, ఐదుగురు మనుషులతో కాగితం మీద లెక్క చేయండి. మేం కాగితం మీద చేసిన రోజే భయం పోయింది. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రవేశ పరీక్ష రాయండి, ఎస్టీలకు 7.5 శాతం సీట్లున్నాయి. యూపీఎస్సీ పెట్టే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ ఉంది. దేశపు సర్వేలను నడిపేది ఆ అధికారులే, వాళ్ళ పరీక్షలో ఈ సబ్జెక్టు ఉంది. పరిశోధన చేయాలనుకుంటే కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ ఫెలోషిప్పులున్నాయి. ఇంగ్లీషు రాదని ఆగకండి. మాకూ రాలేదు. పాఠం ముందు మన మాటల్లో అర్థమైతే ఇంగ్లీషు దాని వెనకే వచ్చింది.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వందకు 73 మంది అక్షరాస్యులైతే, ఎస్టీల్లో 59 మందే. ఈ అంకె అందరూ చెబుతారు. ఏ గెడ్డ దగ్గర, ఏ నెలలో, ఏ వయసు ఆడపిల్ల దగ్గర ఆ తేడా మొదలవుతుందో చెప్పే అంకె ఇంకా రాయాల్సి ఉంది. దాన్ని ఈ సభలో కూర్చున్న ఎవరో ఒకరు రాస్తారని మా నమ్మకం.

చివరగా ఒక పని అప్పజెబుతాం. రేపటి నుంచి మీ గూడేనికి ఒక నోటు పుస్తకం పెట్టండి. గెడ్డ పొంగిన రోజులు, అంబులెన్సు ఆగిపోయిన చోటు, బడికి టీచరు వచ్చిన రోజులు, పట్టా ఉన్న ఇళ్ళు, లేని ఇళ్ళు రాయండి. తేదీ వేయండి. వందేళ్ళ కిందట ఇదే ఊళ్ళో రామరాజు చేసినట్టు, కింద సంతకం పెట్టండి. ఏడాది తర్వాత ఆ పుస్తకం పట్టుకుని మా దగ్గరకు రండి. అందులోంచి లెక్క ఎలా తీయాలో ముగ్గురం కూర్చుని నేర్పుతాం.

భోజనాలయ్యాక సమాధుల పక్కన చెట్టు కింద ఉంటాం. రెండు లాప్‌టాప్‌లు తెచ్చాం. సందేహాలున్నవాళ్ళు, లెక్కలంటే భయమున్నవాళ్ళు ముందు రండి.

జై ఆదివాసీ.